అక్షరానికి అవతలి మొకం

మా బడిలో ఏటా ఒకరిద్దరు పిల్లలైనా పలక మీద అక్షరాన్ని తిరగేసి రాస్తారు. తోటి టీచర్లు ఆ పలకలు స్టాఫ్ రూముకు తెచ్చి ఒకరికొకరు చూపించుకుని నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ పలక చేతిలోకి తీసుకోగానే సిరిసిల్లలో మా ఇంటి కిటికీ, దాని ఊచలకు గుచ్చిన గళ్ల కాగితం, మగ్గం ముందు కూర్చున్న మా తాత గుర్తుకొస్తారు. నేనూ ఒకప్పుడు అట్లా రాసినదాన్నే. అది నా తప్పు కాదు. మా తాత తప్పు అనడానికి మాత్రం ఇన్నేళ్లయినా నోరు రావడం లేదు.

అంతా కలిపితే శివరాత్రి నుంచి జూన్‌లో వచ్చే మిరుగం కార్తె దాకా, నాలుగు నెలల ముచ్చట.

ఆ ఏడు భీవండిలో సాంచాలు సగం రోజులు ఆగే ఉండేవి. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. వాటి చప్పుడు ఆగితే మా ఒంటిగది ఖోలీలో పొయ్యి కూడా ఆగేది. ఒకరోజు నాన్న మా బట్టలు మూటగట్టి, "మీరిద్దరు ఊరికి పోండ్రి. నేనొక్కణ్ని ఎట్లనన్న బతుకుత. గిక్కడ మంచిగైనంక పిలుస్త" అన్నాడు. అమ్మ ఏడ్వలేదు. బస్సు కదిలాక మాత్రం మెట్‌పల్లి వచ్చేదాకా కొంగు నోట్లోంచి తీయలేదు. నాకప్పుడు పదేళ్లు. నేను అక్కడ మరాఠీ బడిలో నాలుగో తరగతి చదువుతున్నాను. తెలుగు మాట్లాడటం వచ్చు, ఇంట్లో మాట్లాడేది అదే కదా. చదవడం మాత్రం ఒక్క ముక్క రాదు.

సిరిసిల్లలో దిగిన మూడో రోజే అమ్మ నన్ను మా వాడ బడికి తీసుకుపోయింది. హెడ్మాస్టరు రాజలింగం సారు నా మరాఠీ టీసీని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తెలుగు వాచకం తెరిచి నా ముందు పెట్టాడు.

"సదువు."

నేను బొమ్మ వంక చూసి, "ఆవు" అన్నాను.

"బొమ్మ కాదే, కింద అక్షరాలు సదువు."

నేను తల దించుకున్నాను. సారు పుస్తకం మూసేశాడు. మంచివాడే, కసురుకోలేదు. "ఏడాది ఆఖర్ల అచ్చిండ్రు, గిప్పుడు చేర్చుకోను. జూన్ల బడి తెరిచినప్పుడు తోలుకరా. గా లోపట తెలుగు సదవ రాయ అచ్చిందా, నాలుగుల కూసోవెడ్త. రాలేదా, ఒకటోదాంట్లనే" అన్నాడు.

"పదేండ్ల పొల్ల ఒకటోదాంట్లనా సారూ?"

"మరేం చెయ్యమంటవమ్మా? అ ఆ లు రాని పొల్లను పై తరగతిల కూసోవెడితే దానికే పరేషాన్. ఇంట్ల సదువుకున్నోళ్లు ఎవలన్న ఉంటే నేర్పియ్యుండ్రి."

ఇంటికొచ్చి అమ్మ చాట ఒళ్లో పెట్టుకుంది. బీడీలు చుట్టడం ఆమెకు పెళ్లికి ముందు నుంచీ వచ్చిన పని. తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, వేళ్ల మధ్య దొర్లించి దారం చుడితే ఒక బీడీ. ఒక్కోటి చుడుతూ నా వైపు చూడకుండానే అంది: "ఒకటోదాంట్ల చిన్నపిల్లల నడుమ కూసోవెట్టి ఇజ్జత్ తీసుకునుడు ఎందుకు? నా పక్కపొంటి కూసుంటది. ఆకు కత్తిరిస్తది. రెండేండ్లైతే చేతికి పనస్తది."

ఆ మాట నాతో అన్నది కాదు. మూడడుగుల దూరంలో గోడకు ఆనుకుని కూర్చున్న తాత కోసం అన్నది. మా ఇళ్లల్లో కోడలు మామతో నేరుగా మాట్లాడేది కాదు. పెళ్లై పన్నెండేళ్లైనా అమ్మ తాతతో ఒక్క మాట ఎదురుగా అని ఎరగదు, తాత కూడా ఆమెను పేరు పెట్టి పిలిచి ఎరగడు. "నవతా, మీ తాతను బువ్వకు రమ్మను" అని అమ్మ అంటే, "అస్తున్ననని చెప్పు మీ అమ్మకు" అని తాత అనేవాడు. నేను నోరు తెరవకముందే ఇద్దరికీ సంగతి తెలిసిపోయేది. అయినా నేను చెప్పకపోతే ఇద్దరూ కలిసి నన్నే తిట్టేవాళ్లు.

తాత ఆ రోజు నెత్తి మీది రుమాలు తీసి మోకాలి మీద పరుచుకున్నాడు. "మీ అమ్మకు చెప్పు. పేర్ల ఎల్లేశం ఇంట్ల పొల్ల అక్షరం రాక బడి బందు వెట్టిందంటే సిరిసిల్ల నవ్వుతది. పొల్లకు నేను నేర్పిస్తనని చెప్పు."

అమ్మ చేతులు ఆగాయి. నేను మెల్లగా ఆమె దగ్గరికి జరిగి, "తాతకు సదువచ్చా?" అని అడిగాను.

"ఊరందరి పేర్లు నేసినాయనకు రాదా మరి?" అంది అమ్మ.

నిజమే. పేర్ల ఎల్లేశం అంటే మా వాడలో తెలియనివాళ్లు లేరు. పెళ్లికొడుకు తువ్వాల మీద అతని పేరు కావాలన్నా, గుడికిచ్చే బట్ట మీద ఇచ్చినవాళ్ల పేరు కావాలన్నా జగిత్యాల, కోరుట్ల నుంచి కూడా మా తాతనే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. పోగులు లెక్కపెట్టి, వేలితో లేపి, రంగుదారం దూర్చి అక్షరం నేసేవాడు. సాంచాలు వచ్చాక ఆ పని తగ్గింది. నూలు ఇచ్చే సొసైటీ కూడా చేతులెత్తేశాక పూర్తిగా ఆగింది. మేం వచ్చేసరికి ముందు గదిలో గుంట మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. దాని మీద పిల్లి పడుకునేది.

మర్నాడు తాత ఇనుప పెట్టె తెరిచాడు. అడుగు నుంచి గళ్ల కాగితాలు తీశాడు. పలుచగా, చేత్తో పట్టుకుంటే వేళ్లు కనిపించేంత పలుచగా ఉండేవి. ఎర్ర పెన్సిల్ నాలుకకు అద్దుకుని, ఒక గడి విడిచి ఒక గడి నింపుతూ అక్షరం గీశాడు.

"సూడు బిడ్డా. అక్షరమంటే ఏం లేదు, పోగుల లెక్క. గిది ర. అడుగుకు నాలుగు పోగులు. గిక్కడ వంపు తిరగాలె. గిక్కడ రెండు ఇడువాలె. నెత్తిమీద తలకట్టు. మొత్తం పదకొండు. మర్చిపోయినవనుకో, లెక్కవెట్టుకో, అదే యాదికస్తది."

నేను లెక్కపెట్టి నేర్చుకున్నాను. నాకు తెలిసి అక్షరాలను అంకెలతో నేర్చుకున్న పిల్లను నేనొక్కదాన్నే. తాత కుడి చివర మొదలుపెట్టి ఎడమకు గీసేవాడు. మరాఠీ ఎడమ నుంచి కుడికి పోతుంది కదా అని ఒక క్షణం అనుమానం వచ్చింది. కానీ భీవండిలో మా గల్లీ దుకాణాల మీద ఉర్దూ కుడి నుంచి ఎడమకే ఉండేది. తెలుగుది కూడా ఆ దారే కాబోలనుకున్నాను. గట్టి బుర్ర కదా, నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

రోజూ ఒక కాగితం. గీసినది కిటికీ ఊచలకు గుచ్చి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి తాత కళ్లు మూసుకునేవాడు. నేను అక్షరం పేరు చెప్పి పోగులు చెప్పాలి. తప్పు చెబితే కళ్లు తెరవకుండానే, "ఒక పోగు తెగింది" అనేవాడు. సరిగ్గా చెబితే మీసం కొద్దిగా కదిలేది. ఆ మీసం కదలడం కోసం నేను ఎంత కష్టపడ్డానో చెప్పలేను.

లెక్కలు అమ్మ నేర్పింది. నేర్పుతున్నానని ఆమెకు తెలియదు. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. చుట్టిన కట్టలు నా ముందుకు తోస్తూ, "పద్నాలుగు కట్టలైనయి, ఎన్ని బీడీలు?" అనేది. నేను వేళ్లు మడుస్తుంటే, "వేళ్లు ఆకుకు ఉంచు. నోటితోటి చెప్పు" అనేది. నెల తిరిగేసరికి ఇరవై ఐదో ఎక్కం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చేది. రెండో ఎక్కం మాత్రం తడబడేదాన్ని.

అమ్మ ఒక పని చేసింది, అది నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది. నన్ను ఆకు కత్తిరించడానికి కూర్చోబెడతానన్న మనిషి, తాత కాగితం తీయగానే నా చేతిలోంచి కత్తెర లాక్కునేది. "మీ తాత పిలుస్తుండు, పో." నేను వదిలిన ఆకు ఆమే కత్తిరించుకునేది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా చాటలు దులుపుకుని లేచినా ఆమె ఇంకా చుడుతూనే ఉండేది.

ఉగాది రోజు పొద్దున పక్కింటి శాంత పచ్చడి గిన్నెతో వచ్చింది. చంకలో ఒక పాత పుస్తకం. "మా పొల్ల మూడో తరగతి వాచకం. అట్ట లేదు గని అక్షరాలున్నయి. మీ బొంబాయి పిల్లకు పనికస్తది" అంది. భీవండి అన్నా, బొంబాయి అన్నా ఆమెకు ఒకటే.

నేను పుస్తకం తీసుకుని కిటికీ కింద కూర్చున్నాను. అప్పటికి నాకు అక్షరాలన్నీ వచ్చు, గుణింతాలు సగం వచ్చు. పండగ పూట తాతకు ఒక పాఠం చదివి వినిపించాలని ఆశ. మొదటి పేజీ తెరిచాను. ఏదీ చదవరాలేదు. ఇంకో పేజీ తీశాను. తెలిసినట్టే ఉన్నాయి, కానీ ఒక్కటి కూడా నేను నేర్చుకున్న అక్షరం కాదు. వంపులన్నీ ఎదురు దిక్కుకు తిరిగి ఉన్నాయి. కళ్లు నలుపుకుని చూశాను. నాకు బుర్ర లేదు కాబోలు, బీడీలే నా గతి కాబోలు అనుకుని ఏడుపొచ్చింది.

అప్పుడు గాలి వీచింది. ఊచలకు గుచ్చిన కాగితం ఒక కొస ఊడి, గిర్రున తిరిగి, వీపు నా వైపు పెట్టి నిలబడింది. వెనక నుంచి ఎండ పడుతోంది. ఎర్ర గీతలు కాగితంలోంచి నా వైపుకు కనిపించాయి. పుస్తకంలో ఉన్న అక్షరాలు అవే.

లేచి కాగితాన్ని మామూలుగా తిప్పాను, తాత అక్షరాలు. వెనక్కి తిప్పాను, పుస్తకం అక్షరాలు. మళ్లీ తిప్పాను. ఎన్నిసార్లు తిప్పానో గుర్తు లేదు. చివరికి దుప్పటి కింద మగ్గం వైపు చూశాను, అప్పుడు తెలిసింది. పేరు నేసేటప్పుడు బట్టను బోర్లా నేస్తారని తాత ఒకసారి చెప్పాడు. ముడులు, దారపు కొసలు నేసేవాడి వైపు పైన ఉంటాయి, చక్కని వైపు కింద గుంటలోకి చూస్తుంటుంది. నలభై ఏళ్లుగా తాత చూసింది, వేళ్లతో లేపింది అక్షరానికి వీపు. ఆయన గురువు గీసిచ్చిన కాగితాలు కూడా ఆ వైపువే. బట్ట కోసి ఇచ్చేశాక దాని మొకం చూసుకునేది కొన్నవాళ్లు. తాత అప్పటికి ఇంకో బట్ట వీపు మీద ఉండేవాడు. బోర్డులూ పుస్తకాలూ చదవాల్సిన పని ఆయనకు ఎన్నడూ పడలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. శివరాత్రి నుంచి నేర్చుకున్నదంతా ఉల్టా! చెప్పులు కూడా వేసుకోకుండా తాతను వెతుక్కుంటూ పరుగెత్తాను. "నీకు సదువు రాదు" అని మొకం మీదే అనేయాలని ఉంది.

తాత భీమయ్య హోటల్లో ఉన్నాడు. వీపు నా వైపు. చేతిలో చాయ గ్లాసు.

"అక్షరాలన్ని అచ్చినయి భీమయ్యా, ఇగ గుణింతాలే" అంటున్నాడు. భీమయ్య ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. తాత నవ్వాడు. "నా కొడుక్కు నేనేం ఇయ్యలేకపోయిన. మగ్గం నేర్పిత్తె సాంచాలచ్చినయి. వాడు సాంచ నేర్సుకుంటే భీవండి గుంజుకపోయింది. నా చేతిల ఉన్నది ఏ ఒక్కటి ఎవలకు అక్కరకు రాదనుకున్న. గీ మనుమరాలికి అచ్చింది."

నేను గోడ పక్కనే ఆగిపోయాను. కాళ్లు కాలుతున్నాయి, ఉగాది ఎండ. తాత చాయ ఊదుకుని తాగడం చూశాను. కోపం ఎటు పోయిందో తెలియదు, దాని చోట భయం వచ్చింది. ఇప్పుడు చెబితే ఈయన ఇంక కాగితం తీయడు. అప్పుడు నాకు నేర్పేవాళ్లెవరు?

వెనక్కి వచ్చేశాను. ఆ మధ్యాహ్నం తాత ఎర్ర పెన్సిల్ తీయగానే, "ఇయ్యాల రెండు కాగితాలు గియ్యి తాతా" అన్నాను.

"పండుగ పూట గూడనా?"

"పండుగ పూట గూడ."

మీసం కదిలింది.

అప్పటి నుంచి నాకు రెండు బళ్లు. సాయంత్రం తాత దగ్గర ఆయన వైపు నుంచి చదివేదాన్ని. పొద్దున తాత హోటలుకు పోగానే కాగితం తిప్పి కిటికీకి గుచ్చి, ఒళ్లో శాంత ఇచ్చిన వాచకం పెట్టుకుని అవతలి వైపు నుంచి చదివేదాన్ని. ఆయన వచ్చే అడుగుల చప్పుడు వినపడగానే మళ్లీ తిప్పేసేదాన్ని. ఎండలు ముదిరాయి. వీధంతా సాంచాల టకటక, ఇంట్లో ఆకు కత్తిరించే చప్పుడు, కాగితం రెపరెప. ఆదివారం నాన్న కిరాణా దుకాణం ఫోనుకు చేస్తే, "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అనేవాడు. "తాత కాడ సదువుకుంటున్న" అనేదాన్ని. "మా నాయిన సదువు చెప్తుండా!" అని నవ్వేవాడు. ఆ నవ్వు వినడానికి అమ్మ ఫోను తన చెవికి పెట్టుకునేది.

మిరుగం నాడు బడి తెరిచారు. తాత ఉతికిన ధోతి కట్టుకుని, తెల్ల రుమాలు చుట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. అమ్మ వాకిట్లో నిలబడి, "మీ తాతను నీ పక్కకే ఉండమను" అంది. ఆమెకు భయంగా ఉందని గొంతు చెప్పింది.

రాజలింగం సారు మమ్మల్ని మరిచిపోలేదు. వాచకం తెరిచి, "ఊఁ" అన్నాడు. నేను చదివాను. మెల్లగా, రెండు చోట్ల ఆగి, చెమట పట్టి, కానీ పేరా అంతా చదివాను. సారు కనుబొమలు పైకి లేచాయి. "పదహారు ఇరవై ఐదులు?" అన్నాడు, కష్టమైనది అడిగాననుకుని.

"నాలుగు వందలు" అన్నాను, ఆయన నోరు మూయకముందే.

"గిట్ల రా. బోర్డు మీద నీ పేరు రాయి."

సుద్ద తీసుకున్నాను. ఎడమ నుంచి కుడికి, పుస్తకంలో ఉన్నట్టు, నవత అని రాశాను.

తలుపు దగ్గర నుంచి తాత రెండడుగులు లోపలికి వచ్చాడు. "సారూ, జర ఆగుండ్రి" అన్నాడు. "పొల్ల భయానికి అవతలి మొకం రాసింది. దానికి మంచిగచ్చు. రోజు నా ముంగట రాస్తది. ఒక్కసారి తుడిచి మళ్ల రాయనియ్యుండ్రి."

సారు బోర్డు చూశాడు, తాతను చూశాడు. "సక్కగనే రాసింది గద పెద్దమనిషీ."

"కాదు సారూ. గిట్ల." తాత నా చేతిలోంచి సుద్ద తీసుకున్నాడు. నా పేరు పక్కనే, కుడి నుంచి ఎడమకు, ఒక్కో వంపు దగ్గర పెదవులతో పోగులు లెక్కపెట్టుకుంటూ రాశాడు. నలభై ఏళ్లు పేర్లు నేసిన చెయ్యి, ఎంత ముద్దుగా ఉందో ఆ రాత. రాసి, వెనక్కి జరిగి చూశాడు.

బోర్డు మీద రెండు నవతలు ఎదురెదురుగా ఉన్నాయి. గోడ మీద అక్షరమాల పటం ఉంది. తలుపు పైన బడి పేరు ఉంది. సారు బల్ల మీద వాచకం తెరిచే ఉంది. తాత కళ్లు ఒక దాని మీది నుంచి ఇంకో దాని మీదికి పోవడం నేను చూశాను. ఆయన చివరకు నా వైపు తిరిగాడు. నేను తల దించుకున్నాను.

"అట్లనా" అన్నాడు తాత. సుద్దను మెల్లగా డబ్బాలో పెట్టాడు. వేళ్లకు అంటిన తెలుపు ధోతికి తుడుచుకోలేదు, రెండు చేతులూ దూరంగా పట్టుకుని నిలబడ్డాడు.

సారు నవ్వలేదు. ఆయనకు ఆ విషయంలో నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. "పేర్లు నేసే చెయ్యా?" అని అడిగాడు. తాత తల ఊపాడు. "మా నాయినది గూడ గుంట మగ్గమే" అన్నాడు సారు. రిజిస్టరు తెరిచి, "నాలుగో తరగతి. సోమవారం సంది తోలుండ్రి" అంటూ రాసుకున్నాడు.

నాలుగో తరగతి. దాని కోసమే కదా నాలుగు నెలలు. కానీ దారి పొడుగునా నాకు సంతోషం రాలేదు. భీమయ్య హోటల్లోంచి కేక వేశాడు, "ఏమైందే పేర్ల ఎల్లేశం?" అని. తాత ఆగలేదు. "పనున్నది" అన్నాడు.

సందు మలుపులో మాత్రం ఆగాడు. "ఎప్పటిసంది ఎర్క నీకు?"

"ఉగాది సంది."

"మరి చెప్పలే?"

"చెప్తే నువ్వు నేర్పుడు ఆపుతవని."

తాత నన్ను చాలాసేపు చూశాడు. ఇంటికి పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రెండు రోజులు అట్లాగే. "మీ తాతను బువ్వకు రమ్మను" అని అమ్మ అనడం, తాత జవాబు చెప్పకపోవడం. మూడో రోజు పొద్దున లేచి కిటికీ ఊచల నుంచి కాగితాలన్నీ ఒక్కొక్కటి తీశాడు. పెట్టెలోవి కూడా తీశాడు. మొత్తం దొంతి చేసి పొయ్యి దగ్గరికి నడిచాడు.

అమ్మ చాట పక్కన పడేసి లేచింది. తంబాకు నేలంతా చల్లుకుపోయింది. ఆమె పొయ్యికి, తాతకు అడ్డంగా నిలబడింది. కొంగు నెత్తి మీదికి లాక్కోవడం కూడా మర్చిపోయింది.

"మామా."

నేను మాట మోయడానికి సిద్ధంగా లేచాను. కానీ ఆమె నా వైపు చూడటం లేదు.

"గీ కాగితాలకు ఏది సక్కటి దిక్కో, ఏది ఉల్టా దిక్కో నాకు తెల్వది మామా. నాకు రెండు దిక్కులూ ఒక్కటే. నాకు తెలిసింది ఒక్కటి. నా పొల్ల సోమవారం నాలుగుల కూసుంటది. చాట కాడ కూసోదు. గది నీతోనే అయింది." కాగితాలు ఆయన చేతిలోంచి తీసుకుని గుండెకు ఆనించుకుంది. "ఇగ కాళ్లు కడుక్కో. బువ్వ వెడ్త."

తాత ఆమె మొకం వైపు చూడలేక, నేల మీద తంబాకు వైపు చూశాడు. తర్వాత వంగి, రెండు చేతులతో దాన్ని చాటలోకి ఎత్తసాగాడు. అమ్మ వద్దనలేదు.

ఆ మధ్యాహ్నం మగ్గం మీది దుప్పటి లేచింది. పిల్లి అలిగి బయటకు పోయింది. మిగిలిపోయిన పడుగు కాస్త ఉంది, పెట్టెలో ఎర్రదారం ఉండ ఒకటి దొరికింది. ఒక తువ్వాలకు సరిపోతుందన్నాడు తాత. "నీ పేరు నేస్త. బడికి తీస్కపోదువు."

"నాది వద్దు. నీది నెయ్యి."

"నాదెందుకే? ఎవలడిగిండ్రు?"

"నేనడుగుతున్న."

ఊరందరి పేర్లు నేసిన మనిషి తన పేరు ఎన్నడూ నేయలేదట. కాగితం మీద గీసుకున్నాడు, ఆయన వైపు నుంచే. చెయ్యి అదే వినేది, ఇంకో దారి దానికి తెలియదు. నన్ను మగ్గం గుంటలోకి దిగమన్నాడు. ఆయన కాళ్ల పక్కన కూర్చుని తల పైకెత్తితే, బట్ట చక్కని వైపు నా మొకం మీద ఉంది. నేతలో పేరు ఒక్కో అక్షరంగా రాదు. అన్ని అక్షరాలూ ఒకేసారి అడుగు నుంచి పైకి లేస్తాయి, నారుమడిలో మొలకల్లాగా. పైన ఆయన పోగు లేపి దారం దూరుస్తున్నాడు, కింద నేను చూస్తున్నాను.

"గిప్పుడెట్లున్నది?" అని పైనుంచి అడిగేవాడు.

"శ కు ఇంక కడుపు రాలే తాతా."

"అస్తది, ఆగు."

ఆదివారం పొద్దు గూకే వేళకు పేరు పూర్తయింది. తాత చెయ్యి ఆపాడు. బట్ట అవతల ఆయన ఊపిరి నాకు వినపడుతోంది.

"సదువు" అన్నాడు.

"ఎల్లేశం."

"మళ్ల ఒకసారి."

"ఎల్లేశం."

"సక్కగున్నదా?"

"సక్కగున్నది తాతా. ఒక్క పోగు తెగలే."

ఇంక "మీ అమ్మకు చెప్పు" అంటాడనుకుని నేను గుంటలోంచి లేవబోయాను. కానీ తాత గొంతు సవరించుకున్నాడు.

"రాజమణీ" అన్నాడు. "ఇన్నవా?"

బీడీల చాట చప్పుడు ఆగింది.

"ఇన్న మామా" అంది అమ్మ.

నేను మళ్లీ గుంటలో కూర్చున్నాను. నాతో వాళ్లకింక పని లేదు. తెల్లారితే నాకు బడి.